చెల్క చేలకు చేతి కలుపు పనిముట్లు – వాటి మంచి చెడ్డలు

మృగశిర కార్తెలో విత్తిన జొన్న, మొక్కజొన్న, కంది పునర్వసు వచ్చుసరికి జానెడెత్తు లేచి యుండును. ఆ వారములలోనే గునుగు, గరిక, తుంగ, వయ్యారిభామ కూడ లేచును. నేలలోని పదునును, ఎరువు బలమును ముందుగా లాగుకొనునది కలుపే. మెట్టపైర్లలో చాల వాటికి విత్తిన రెండవ వారము మొదలు ఆరవ వారము వరకు గల కాలము మిక్కిలి ముఖ్యమైనది. ఆ నెల రోజులు చేను శుభ్రముగా నుండినచో, తరువాత లేచు కలుపును పైరే కమ్మివేయును. ఆ నెల దాటిన పిమ్మట ఎంత శ్రద్ధతో తీసినను తగ్గిన దిగుబడి తిరిగి రాదు. కూలి ఖర్చు మాత్రము తగ్గదు సరికదా, ముదిరిన కలుపు గనుక ఇంకను పెరుగును.

రైతు సోదరులకు ఈ మాట క్రొత్త కాదు. క్రొత్తగా వచ్చిన చిక్కు ఏమనగా, సరిగా ఆ నెలలోనే మనుషులు దొరకకపోవుట. సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలములోని ఇంద్రేశం, పెద్దకంజర్ల, ఐనోలు వంటి గ్రామముల చుట్టును 1970ల నుండి కార్ఖానాలు పెరుగుచు వచ్చినవి. కార్ఖానాలో ఏడాది పొడవునా పని యున్నది, నెల తిరుగగానే జీతము చేతికి వచ్చును. దానిని విడిచి ఇరువది రోజుల కలుపుతీతకు రమ్మనిన ఎవరు వత్తురు? రాని వారిని తప్పు పట్టుటకు లేదు. భూములు ప్లాట్లుగా తెగిపోగా మిగిలినది పలువురికి ఎకరము, రెండెకరములు మాత్రమే. అంత భూమికి జత ఎడ్లను ఏడాదంతయు మేపుట గిట్టదు. రాళ్ళ గుట్టల ప్రక్కనున్న ఏటవాలు చెల్కలలో, పైరు సాళ్ళ నడుమ ట్రాక్టరు తిరుగదు. కావున ఇంటిలోని ఇద్దరు ముగ్గురే చేతి పనిముట్లతో అదును దాటకుండ కలుపు తీసికొనవలసి యున్నది. అట్టి వారు డబ్బు పెట్టి పనిముట్టు కొనుటకు ముందు ఏమేమి చూచుకొనవలెనో ఈ వ్యాసములో తెలుపుచున్నాము.

ఖుర్పి

అన్నిటికంటె పాతది, అన్నిటికంటె చవుక. దీనిని తీసిపారవేయవలసిన పనిముట్టుగా కొందరు మాటలాడుదురు. అది సరి కాదు. మొక్క మొదలును అంటిపెట్టుకొని లేచిన కలుపును, మొక్కకు దెబ్బ తగులకుండ, వేరుతో సహా తీయగలది నేటికిని ఖుర్పి ఒక్కటే. ఉల్లి, మెంతి, కొత్తిమీర వంటి దగ్గర మొక్కల మడులలో మరి యే పనిముట్టును దూరదు. అంతేకాదు, ఖుర్పి పట్టిన ఆడవారికి ఏది కలుపో ఏది కూరయో తెలియును. గంగవాయిలి, చెంచలి, తోటకూర కొంగులో పడును, మిగిలినది గట్టుమీద పడును. జహీరాబాదు ప్రాంతమున పస్తాపూర్ కేంద్రముగా 1983 నుండి పనిచేయుచున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని మహిళా రైతులు ఇట్టి విత్తని కూరలను ఆహారముగానే లెక్కించి కాపాడుకొనుచున్నారు. చక్రపు పనిముట్టుకు ఈ తారతమ్యము తెలియదు.

ఖుర్పితో వచ్చు కష్టము రెండు విధములు. మొదటిది కాలము. రెండవది శరీరము. రోజంతయు గొంతుకూర్చుండి ముందుకు జరుగుచు పనిచేయుటచే మోకాళ్ళు, నడుము పట్టివేయును. ఈ పని చేయువారిలో ఎక్కువమంది స్త్రీలే గనుక, సాయంకాలము వంటపనియు వారిదే గనుక, ఈ నొప్పిని ఇంటి లెక్కలో ఎవరును వ్రాయుట లేదు. వ్రాసినచో ఖుర్పి అంత చవుకగా కనబడదు.

పొడుగు పిడి పారలు

దోకుడుపార వంటి పొడుగు పిడి పనిముట్లతో నిలుచుండి పని చేయవచ్చును. బ్లేడు నేలకు ఒరుసుకొనునట్లు తనవైపు లాగినచో రెండు మూడు ఆకుల కలుపు తెగిపోవును. చక్రములు, మరలు లేవు, చెడిపోవునది లేదు. ఆరు సంవత్సరముల పిల్లవానికి తప్ప ఇంటిలో ఎవరికైనను పనికివచ్చును. ఖుర్పికంటె పని వేగముగా సాగును. అయితే కలుపు ముదిరి వేళ్ళు పాతుకొనిన తరువాత దీనివలన లాభము లేదు. పైని ఆకును గీకును, అడుగున వేరు నిలిచి యుండును.

ఇట్టి వానిలోనే మూడు పళ్ళ పార మరియొక రకము. బ్లేడుకు బదులు కొక్కెములవలె వంగిన పళ్ళుండును. చెల్కలో వాన కురిసి రెండు మూడు రోజులు ఎండ కాసినచో పైనేల పెంకువలె గట్టిపడును. ఆ పెంకును పగులగొట్టుటకు బ్లేడు పనికిరాదు, పళ్ళు పనికివచ్చును. గులకరాళ్ళు ఎక్కువగా గల నేలలో కూడ అంతే. అచట వెడల్పు బ్లేడు రాయి తగిలి ఎగిరి మొక్కపై పడును. పళ్ళు రాళ్ళ సందున దూరిపోవును.

చక్రపు గుంటక

ముందు ఒకటి గాని రెండు గాని చక్రములు, వెనుక బ్లేడు, నిలువుగా రెండు చేతిపిడులు గలది చక్రపు గుంటక. పాత సైకిలు చక్రముతో చేయించినదానిని సైకిలు గుంటక అనుచున్నారు. నిలుచుండి ముందుకు నెట్టి, కొంచెము వెనుకకు లాగి, మరల నెట్టుచు పోవలెను. భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగు పరిశోధనా సంస్థవారు రెండు చక్రముల రకమును, తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు చక్రమునకే నక్షత్రమువలె కొనలు గల రకమును రూపొందించిరి. నక్షత్రపు చక్రము దొర్లుచు పెంకును గుచ్చి పగులగొట్టును, వెనుకనున్న బ్లేడు కలుపును కోయును. మన ఎర్రచెల్కలకు ఈ రెండవ రకము తగియున్నది. నల్లరేగడిలో మాత్రము ఆ కొనల నడుమ బంకమన్ను ఇరుకుకొని చక్రము ముద్దయైపోవును. అచట మామూలు చక్రమే మేలు. పటాన్‌చెరు చుట్టుప్రక్కల ఒకే రైతుకు మీద చెల్క, దిగువ రేగడి ఉండుట కలదు గనుక దీనిని మరువరాదు.

ఒక్క మనిషి రోజంతయు నిలకడగా చూపగల బలము అశ్వశక్తిలో సుమారు పదవ వంతు మాత్రమే. జత ఎడ్ల బలము ఇంచుమించు ఒక అశ్వశక్తి. కావున ఎడ్ల గుంటక బ్లేడు వెడల్పును చూచి అంతటి బ్లేడునే చక్రపు గుంటకకు బిగించినవారు గంటలోనే దానిని గట్టునకు ఆనించి కూర్చుందురు. 15 మొదలు 20 సెంటీమీటర్ల బ్లేడు ఒక మనిషికి చాలును. అంతకు మించిన దానికి ముందు ఒకరు తాడు కట్టి లాగవలెను. అప్పుడు ఇద్దరి కూలి లెక్కలోనికి వచ్చును.

సాలు దూరమే అసలు లెక్క

పనిముట్టు మంచిదా చెడ్డదా అని అంగడిలో తేలదు. విత్తనము వేయునాడే తేలును. ఈ లెక్కను కాగితముపై వేసి చూడుడు.

మన గుంట భూమి 121 చదరపు గజములు, అనగా సుమారు 101 చదరపు మీటర్లు. సాళ్ళు 45 సెంటీమీటర్ల దూరమున నున్నచో ఒక గుంటలో 225 మీటర్ల పొడవు సాలు పడును. ఎకరమునకు 9 కిలోమీటర్లు. సాళ్ళు 30 సెంటీమీటర్లయినచో ఎకరమునకు పదమూడున్నర కిలోమీటర్లు. 60 సెంటీమీటర్లయినచో 6 కిలోమీటర్ల 700 మీటర్లు. చక్రపు గుంటక పట్టినవాడు నడువవలసినది ఇంత దూరము. అందును ముందుకు వెనుకకు ఆడించుచు నడువవలెను.

దీనినిబట్టి సాలు ఎడము ఎక్కువైన కొలది పని తక్కువ యని తోచును. కాని బ్లేడు వెడల్పును కూడ లెక్కలోనికి తెండు. 15 సెంటీమీటర్ల బ్లేడుతో 45 సెంటీమీటర్ల సాలులో ఒక్కసారి పోయినచో నేలలో మూడవ వంతే శుభ్రమగును. రెండుసార్లు పోవలెను, నడక 18 కిలోమీటర్లగును, అప్పటికిని మూడవ వంతు నేల మిగిలియే యుండును. 30 సెంటీమీటర్ల సాలులో 20 సెంటీమీటర్ల బ్లేడుతో ఒక్కసారి పోయినను మిగులునది అదే మూడవ వంతు, నడక మాత్రము పదమూడున్నర కిలోమీటర్లే. అనగా, ఎడ్ల గుంటకకు అలవాటైన సాలు ఎడము చేతి గుంటకకు సరిపడవలెనను నియమము లేదు. ఎడ్లు అమ్మివేసిన తరువాత కూడ పాత ఎడముననే విత్తి, చక్రపు గుంటక కొని, పని సాగలేదని దానిని తిట్టువారు కలరు. ఇచట దోషము పనిముట్టుది కాదు.

అయితే 30 సెంటీమీటర్ల సాలులో 20 సెంటీమీటర్ల బ్లేడు నడువవలెనన్న మొక్కకు ఇరుప్రక్కల అయిదేసి సెంటీమీటర్లు మాత్రమే మిగులును. సాలు వంకర పోయినచో బ్లేడు పైరునే కోయును. చేత చల్లిన చేనిలో చక్రపు గుంటక పనికిరాదని వేరుగా చెప్పనక్కర లేదు. జడ్డిగముతో తిన్నగా విత్తిన చేనిలోనే ఇది రాణించును. కంది, ఆముదము వంటి ఎడము పైర్లకు 30 సెంటీమీటర్ల సాళ్ళు పనికిరావు. వాని నడుమ పెసరయో కొర్రయో అంతరపంటగా వేసినచో సాళ్ళు దగ్గరపడును, నేల త్వరగా మూతపడును, కలుపుకు ఎండ అందదు.

ప్రత్తి, టమాట, వంగ, మిరప వంటి వానికి ఇంకొక ఉపాయము కలదు. మన ప్రత్తి రైతులు అచ్చు తోలి, గడులుగా గీచి, గీతలు కలిసిన చోట గింజ పెట్టుట ఎరిగినదే. 60 సెంటీమీటర్ల గడిలో ఒక ప్రక్క మాత్రమే గుంటక నడిపి, మొక్కలను ఆనుకొని మొత్తము 15 సెంటీమీటర్ల పట్టీ వదలినచో నాలుగవ వంతు నేలలో కలుపు మిగులును. అదే నిలువుగను అడ్డముగను రెండు వైపుల నడిపినచో మిగులునది మొక్క చుట్టును 15 సెంటీమీటర్ల చదరము మాత్రమే. అది మొత్తము నేలలో 16వ వంతు. ఖుర్పితో కూర్చుండి తీయవలసిన పని నాలుగింట ఒక వంతుకు దిగును. ఇంతటి లాభము ఏ క్రొత్త యంత్రము వలనను రాదు, ఒక్క తాడును గీతలును చాలును.

వరిమడిలో కూడ ఇదే సూత్రము. నీరు నిలిచిన మడిలో త్రొక్కునట్టి దొర్లుడు పనిముట్లు 1953లో ప్రారంభమైన జపాను వరిసాగు ప్రచారముతో మన దేశమున తెలియవచ్చినవి. 2003 వానాకాలము నుండి ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయము ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రచారము చేసిన శ్రీ వరి సాగులో, 25 సెంటీమీటర్ల గడులలో నాటి, నాటిన పది పండ్రెండు రోజులకు మొదలు పెట్టి పదేసి రోజులకొకసారి కోనోవీడరును రెండు వైపుల నడుపవలెను. కలుపు మట్టిలో కలిసి ఎరువగును. చెల్కలో ఈ పనిముట్టుకు పని లేదు. దానికి పలుచని నీరును, మెత్తని బురదయు ఉండవలెను.

వాలు నేలలో జాగ్రత్తలు

గుట్ట ప్రక్క చెల్క గలవారు ఈ భాగమును ప్రత్యేకముగా చదువవలెను. పార పట్టి పనిచేయు మనిషి సహజముగా మీదివైపు ముఖము పెట్టి నిలుచును, ఏలయనగా అటు నేల ఎత్తుగా నుండి నడుము వంగవలసిన పని తగ్గును. అట్లు నిలిచి పారను తనవైపు లాగినపుడెల్ల కొంత మన్ను పల్లమునకు దిగును. ఒక్కొక్క లాగుడుకు దిగునది పిడికెడే. కాని ఏటికి రెండు మూడు కలుపులు, పది ఇరువది ఏండ్లు గడచునప్పటికి చేని మీది అంచున రాళ్ళు తేలును, దిగువ గట్టు వద్ద మన్ను మేట వేయును. దీనినంతయు వాన కోతయని చెప్పుకొందురు గాని, అందులో కొంత మన చేతితో మనము దింపినదే.

దీనికి మార్గము సుళువైనది. సాళ్ళు వాలుకు అడ్డముగా విత్తుడు. సాలు వెంబడి ప్రక్కకు నడుచుచు పనిచేయుడు, మన్ను సాలులోనే అటునిటు కదలును. పారతోనే పని చేయవలసి వచ్చినచో వీలైనంతవరకు మీదివైపు నిలిచి, దిగువనున్న మన్నును పైకి లాగుడు. నడుముకు కష్టమే. కావున కనీసము ఒక కలుపుకైనను అట్లు చేసినచో రెండవ కలుపున దిగిన మన్ను కొంత సరిపడును. తీసిన కలుపును గట్టు మీదికి మోయక, విత్తనము పట్టనిదైనచో సాళ్ళ నడుమ అడ్డముగా వరుసగా పరచుడు. వాననీటి వేగము తగ్గును, నేల పదును నిలుచును.

అడ్డసాలులో చక్రపు గుంటక నడుపునపుడు దాని తోక దిగువ వైపునకు జారును. కొంత అలవాటుతో పిడిని మీదికి వంచి పట్టి సరిచేసికొనవచ్చును. రెండు చక్రములది తక్కువ జారును. చేయి తీసిన వెంటనే చక్రము తనంత తాను పల్లమునకు పరుగెత్తు వాలులో మాత్రము దీనిని మానుకొని పారకే దిగవలెను. తూర్పు కనుమలలోని నిట్టవాలు పోడు చేలలో చక్రమునకు తావే లేదు. పెద్దవాన సూచన యున్న రోజున వాలు చేనిలో గుంటక పట్టరాదు. గుల్ల చేసిన మన్ను ఆ రాత్రికే వాగులో పడును.

అదును, పదును

చెల్కలో వాన వెలిసిన మరునాడు గాని మూడవనాడు గాని పట్టినచో పని తేలిక. పిడికెడు మన్ను తీసి నొక్కి వదలుడు. ముద్ద కట్టి, వ్రేలితో తాకగానే పొడియైనచో పదును సరిపోయినది. చేతికి అంటినచో ఆగుడు. ముద్దయే కట్టకున్నచో ఆలస్యమైనది, పళ్ళ పారతో పెంకు పగులగొట్టియే ముందుకు పోవలెను. రేగడిలో ఇంకను రెండు మూడు రోజులు ఓపిక పట్టవలసి యుండును. అయితే చెల్కలో ఈ పదును నిలుచు కాలము బహు కొద్ది. పదును ఉన్న రెండు రోజులలో ఇంటివారు ఎన్ని గుంటలు చేయగలరో అంతే మీ అసలు శక్తి. అదే పనిముట్టుకు నిజమైన పరీక్ష. ఖుర్పితో ఆ రెండు రోజులలో చేయగలిగినది చేనిలో ఒక మూల మాత్రమే. మిగిలినది పదును తప్పి గట్టిపడును. ఎకరమో, అరయెకరమో గలవారికి చక్రపు గుంటక ముఖ్యముగా మిగిల్చునది కూలి కాదు, అదును.

గరిక, తుంగ గల చేనికి ఈ మాటలు పూర్తిగా వర్తింపవు. గరికను మబ్బు పట్టిన రోజులలో గుంటకతో కోసినచో ప్రతి ముక్కయు కణుపు వద్ద వేరు వేసి మరల మొలచును. కలుపు తీయుటకు పోయి గరికను నాటి వచ్చినట్లగును. ఎండ కాయు రోజులలోనే పట్టి, ముక్కలను ఏరి గట్టున ఎండబెట్టవలెను. తుంగకు నేలలో గడ్డలుండును. పైన కోసిన కొలది లేచుచుండును. వేసవి దుక్కిలో గడ్డలను పైకి తెచ్చి ఎండకు మాడ్చుటయే దానికి మందు. వయ్యారిభామను పూత రాకముందే వేరుతో తీయవలెను. ఒక్కొక్క మొక్క వేల గింజలు రాల్చును. దాని ఆకు తగిలి చర్మమునకు దురద, దద్దురులు వచ్చువారు కలరు గనుక చేతులకు గుడ్డయైనను చుట్టుకొనుడు.

కలుపుమందు కొట్టిన పోదా అని అడుగువారికి ఒక మాట. జొన్నయు కందియు కలిపి విత్తిన చేనిలో 2,4-డి కొట్టినచో జొన్న నిలుచును, కంది మాడును. గాలికి ఆ తుంపర ప్రక్కవాని టమాటపైనో ప్రత్తిపైనో పడినచో ఆకులు ముడుచుకొని పోవును. కూరగాయల మడులు, కలగలుపు పంటలు దగ్గర దగ్గరగా గల ఈ ప్రాంతములో చిన్న రైతు మందును నమ్ముకొనుట తేలికైన మార్గము కాదు.

క్షేత్రములో గెలిచి ఊరిలో ఓడిన పనిముట్టు

ఇంద్రేశమునకు కొద్ది దూరముననే 1972లో నెలకొనిన ఇక్రిశాట్ పరిశోధనా క్షేత్రము కలదు. ఎర్రనేల, నల్లనేల రెండును ఒకే క్షేత్రమున గలవు. 1970, 80లలో అచటి శాస్త్రజ్ఞులు ఎడ్లు లాగు చక్రముల బండివంటి పనిముట్టును పరీక్షించిరి. ట్రాపికల్టర్ అను రకము అందులో ఒకటి. ఒకే చట్రమునకు నాగలి, విత్తు గొర్రు, గుంటక మార్చి మార్చి బిగింపవచ్చును. 150 సెంటీమీటర్ల ఎత్తు మడులపై అది చక్కగా పనిచేసినది. కాని రైతుల ఇండ్లలోనికి అది ప్రవేశింపలేదు. ఖరీదు ఎక్కువ. చిన్న కమతమునకు దాని శక్తి అనవసరము. 1988లో పాల్ స్టార్కీ పలు దేశములలోని ఇట్టి చక్రపు పనిముట్లను గూర్చి వ్రాసిన గ్రంథమునకు, తీర్చిదిద్దబడియు త్రోసివేయబడినవను అర్థము వచ్చునట్లు పేరు పెట్టెను.

దీనిని ఎగతాళికి చెప్పుట లేదు. గ్రామాధికారులు, వ్యవసాయ విస్తరణాధికారులు రాయితీపై పనిముట్లు తెప్పించునపుడు, ప్రదర్శనలో బాగుగా నడిచినదని సంతోషించక, అదే పనిముట్టు రెండవ ఏట ఎవరి చేనిలో నడుచుచున్నదో పోయి చూడవలెను. 2020–21లో కట్టిన రైతువేదికలలో మూడు నాలుగు రకముల చేతి పనిముట్లను ఉంచి, కొనుటకు ముందే రైతులు ఒక్కొక్క రోజు తీసికొనిపోయి చూచుటకు ఏర్పాటు చేసినచో మేలు.

ఇంకొక సంగతి. చేత కలుపు తీసినన్నాళ్ళు అది ఆడవారి పని. చక్రము వచ్చిన వెంటనే పలుచోట్ల అది మగవారి పనియైనది. శ్రీ వరిలో ఇట్లు జరిగినది. నొప్పి తగ్గుట మంచిదే కాని, దానితోపాటు కూలి కూడ పోయినచో కూలికి పోవు స్త్రీకి అది లాభము కాదు. పనిముట్టు బరువు, పిడి ఎత్తు మగవాని కొలతకే చేయుట దీనికి ఒక కారణము. పిడి ఎత్తు పట్టువారి నడుముకు మించి మోచేతికి లోపల నుండవలెను. మరతో ఎత్తు మార్చుకొన వీలైనదానినే కొనుడు. దుకాణములో మీరు కాదు, చేనిలో దానిని నడుపబోవు వారే పట్టి చూడవలెను.

ఒక గుంటలో పరీక్ష

ఎవరి మాటయు నమ్మవలసిన పని లేదు. మీ చేనిలోనే ఒకే విధముగా కలుపు మొలచిన మూడు గుంటలను కొలిచి గుర్తు పెట్టుడు. ఒకదానిలో ఖుర్పి, ఒకదానిలో పొడుగు పిడి పార, ఒకదానిలో చక్రపు గుంటక. ఒకే రోజున, ఒకే మనిషి గాని సమానమైన బలము గలవారు గాని చేయవలెను. గడియారము చూచి కాలము వ్రాయుడు. చక్రపు గుంటక నడచిన తరువాత మొక్కల మొదట మిగిలిన కలుపును ఖుర్పితో తీయుడు, ఆ కాలమును కూడ దాని ఖాతాలోనే వేయుడు. ఇచటనే పలువురు తప్పు లెక్క వేయుదురు. రోజుకు ఎకరము నడిచినదని చెప్పునపుడు వెనుక కూర్చుండి తీసినవారిని లెక్కించరు.

ఉదాహరణకు ఖుర్పితో గుంటకు రెండున్నర గంటలు పట్టినదనుకొనుడు. ఎకరమునకు 40 గుంటలు గనుక 100 గంటలు. రోజుకు 6 గంటల పని చొప్పున సుమారు 17 మంది. చక్రపు గుంటకకు 25 నిమిషములు, దాని వెనుక ఖుర్పికి 35 నిమిషములు, కలిపి ఒక గంట పట్టినదనుకొనుడు. ఎకరమునకు 40 గంటలు, సుమారు 7 గురు. తేడా 10 మంది. దానిని మీ ఊరి కూలితో గుణించి, పనిముట్టు ధరతో పోల్చుడు. మీ చేనిలో ఈ అంకెలు వేరుగా రావచ్చును. వచ్చిన అంకెలనే నమ్ముడు. కోసిపోయిన పైరు మొక్కలెన్నియో, పది రోజుల తరువాత ఏ గుంటలో కలుపు తిరిగి లేచినదో కూడ వ్రాసికొనుడు.

బ్లేడు సంగతి

కొన్న పనిముట్టు రెండవ ఏట మూలబడుటకు తరచు కారణము మొద్దుబారిన బ్లేడు. పలుచని రేకుతో చేసిన బ్లేడు చెల్కలోని ఇసుకకు ఒక్క కాలములోనే అరిగిపోవును. కొనునపుడు బ్లేడు మరలతో బిగించినదో, అతికినదో చూడుడు. అతికినదానిని విప్పి సానపట్టించుటకు వీలు లేదు. అరిగిన పిమ్మట ఊరి కమ్మరిచేత పాత లారీ కమాను పట్టీతో బ్లేడు కొట్టించుకొనుట ఎక్కువ కాలము మన్నును. నేలను తాకు కోణము నిలువుగా నున్నచో బ్లేడు మన్నును నెట్టును గాని కోయదు. పడుకొని యున్నచో నేలపై జారిపోవును. కొద్దిగా వాలుగా బిగించి, రెండు బారలు నడిపి చూచి, మన్ను బ్లేడు మీదుగా పొరలి వెనుకకు పడునట్లు సరిచేసికొనుడు.

పని ముగిసిన రోజున మన్ను కడిగి, తుడిచి, బ్లేడుకు పాడైన ఇంజను నూనె పూసి, చక్రపు ఇరుసులో రెండు చుక్కలు వేసి, నేలకు తగులకుండ కొయ్యకు తగిలించుడు. మరల యాసంగిలో ఉల్లి, టమాట మడులకు దించునపుడు ముందుగా మరలు బిగించుకొనవలెను.